మూడు లిపుల ఇంటి కథ: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు తమ చరిత్ర రాసుకోవడానికి ఒక మార్గదర్శి

1936 మార్చి 31 రాత్రి పర్లాకిమిడిలో నిద్రపోయినవాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు. తెల్లారి లేచేసరికి ఒరిస్సా వాళ్ళు. ఇల్లు అదే, వీధి అదే, మహేంద్రతనయ కూడా అదే. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురంలో ఉన్న తెలుగు కుటుంబాల సంగతీ ఇంతే. అందుకే మన ఇళ్ళ చరిత్ర ఒక ఆఫీసులో, ఒక లిపిలో దొరకదు. తాత దస్తావేజు తెలుగులో ఉంటుంది, నాన్న స్కూలు సర్టిఫికెట్ ఇంగ్లీషులో ఉంటుంది, మన పట్టా ఒడియాలో ఉంటుంది. మామ్మ చెప్పే సంగతులు ఈ మూడింట్లోనూ ఉండవు.

ఈ మార్గదర్శి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉంటూ, లేదా అక్కడినుంచి విశాఖకో హైదరాబాదుకో వెళ్ళిపోయి, ఇంట్లో పెద్దవాళ్ళ జీవితాన్ని పుస్తకంగా రాయాలనుకునేవాళ్ళ కోసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనవాళ్ళు రాసే కుటుంబ చరిత్రల్లో మొదటి పేజీలోనే "మాది అసలు ఫలానా ఆంధ్ర ఊరు" అని రాసేసి, ఆపైన ఎక్కడా ఒడియా వాసన తగలకుండా జాగ్రత్త పడటం ఒక అలవాటు. చాలా ఇళ్ళ విషయంలో అది సగం నిజమే. కలగలిసిన బతుకుని కలగలిసినట్టే రాయాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఆ పని సరిగ్గా జరగడానికే.

1. వంశం సంగతి తర్వాత, ముందు ఒక మనిషి

ఏడు తరాల చరిత్ర రాద్దామని మొదలుపెట్టినవాళ్ళు సాధారణంగా వంశవృక్షం చార్టు దగ్గరే ఆగిపోతారు. స్వీయచరిత్రా, జీవితచరిత్రా, ఊరి చరిత్రా అని కూడా ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళు, మాట ఇంకా కుదురుగా ఉన్నవాళ్ళు ఎవరో చూడండి. వాళ్ళ జీవితం చుట్టూ మిగతావన్నీ వాటంతటవే చేరతాయి. కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి, మనుషులు ఆగరు. అందుకని ఆర్కైవ్స్‌కీ తాసిల్దారు ఆఫీసుకీ తిరగడం రెండో పని. మాట రికార్డు చేయడం మొదటి పని.

2. మాట రికార్డు చేయడం

ఖరీదైన మైకు అక్కర్లేదు. ఇప్పటి ఫోను చాలు. మడతపెట్టిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో పెట్టండి. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే సరిగ్గా అసలు సంగతి వచ్చేవేళకి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఫ్యాను ఆపండి. బరంపురం ఎండల్లో పెద్దవాళ్ళ దగ్గర ఫ్యాను ఆపడం పాపమే కాబట్టి, పొద్దున్నే కాఫీ తాగాక కూర్చోవడం మేలు. ఒక్కసారికి నలభై నిమిషాలు దాటొద్దు. రికార్డింగు మొదట్లోనే తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు అడుగుతున్నారు అన్నది చెప్పండి. "ఇది పుస్తకంలో రాయొచ్చా?" అని అడిగి ఆ జవాబు కూడా రికార్డులోనే ఉండేలా చూడండి.

గదిలో ఎవరుండాలన్నది మైకు కన్నా ముఖ్యం. కొడుకులు పక్కన కూర్చుంటే తల్లి మాట మారిపోతుంది. ఆస్తి గురించి ఒకలా, మొగుడి గురించి ఒకలా చెబుతుంది. నా అనుభవంలో మనవరాళ్ళకి చెప్పినంతగా ఎవరికీ చెప్పరు. తోటికోడళ్ళు ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే ఇంకా బాగుంటుంది, ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందిస్తారు, మధ్యలో పోట్లాడుకుంటారు కూడా. ఆ పోట్లాటని ఆపొద్దు.

"నీ జీవితం గురించి చెప్పు మామ్మా" అంటే "ఏటుందే సెప్పడానికి, కష్టాలు పడ్డాం" అని ఊరుకుంటుంది. చేతికి, కాలికి, కడుపుకి సంబంధించిన ప్రశ్నలు అడగండి. కాపురానికొచ్చినప్పుడు బండి మీద వచ్చావా, రైల్లో వచ్చావా? నీళ్ళెక్కడినుంచి తెచ్చేవారు, నూతి దగ్గర ఎవరు ముందు తోడుకోవాలి, ఎవరు దూరంగా నిలబడాలి? సంతకి మనవాళ్ళు ఏం పట్టుకెళ్ళేవారు, కొండ దిగి సవరలు ఏం తెచ్చేవారు? అప్పు ఏ సావుకారు దగ్గర, బుగత (ఊరి పెద్ద రైతు) ఇంటికి పండక్కి ఏం పంపించాలి? ఇంట్లో ఒడియా ఎవరితో మాట్లాడేవారు, దెబ్బలాట వస్తే ఏ భాషలో తిట్టుకునేవారు? ఈ చివరి ప్రశ్నకి నవ్వు వస్తుంది, ఆ నవ్వు తర్వాత చాలా విషయాలు బయటికి వస్తాయి.

మా వైపు తప్పకుండా అడగాల్సింది ఇంకోటి ఉంది. "మనింట్లో రంగం ఎవరెళ్ళారు, ఎవరు తిరిగి రాలేదు?" రంగం అంటే బర్మాలోని రంగూన్. గంజాం, శ్రీకాకుళం తీరం నుంచి అక్కడికి కూలికి, బియ్యం మిల్లులకి, రేవు పనికి వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. గోపాల్‌పూర్ రేవులో స్టీమర్ ఎక్కేవారు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు అరకాన్ కొండలమీదుగా, అస్సాం వైపు అడవుల్లోంచి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకి తేదీ ఉండదు, తద్దినం ఏ తిథికి పెడుతున్నారన్నదే మిగులుతుంది. 1960ల్లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలని జాతీయం చేశాక ఇంకో విడత వచ్చారు. రెండు విడతల్నీ ఇంట్లోవాళ్ళు ఒకే మాటగా కలిపేసి చెబుతారు, కాబట్టి ఏది ఎప్పటిదో విడదీసి అడగండి.

మాట రాకపోతే వస్తువు చేతికివ్వండి. ఇత్తడి కుంచం, పెళ్ళినాటి చీర, రంగం నుంచి తెచ్చిన పెట్టె, దేవుడి మూల ఉన్న తాటాకుల కట్ట, ఏదైనా సరే. పాట వస్తే పాడించండి. చెప్పిన కథే మళ్ళీ చెబితే ఆపకుండా మళ్ళీ రికార్డు చేయండి, రెండోసారి ఏం మారిందో చూడటం చాలా ఉపయోగం.

రికార్డింగు అయిన రోజే ఫైలుకి పేరు పెట్టండి. తేదీ, మనిషి, ఊరు, వరుస నంబరు ఉంటే చాలు. అసలు ఫైలుని ఎప్పుడూ కత్తిరించకండి. మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర. మొత్తం అక్షరం పొల్లుపోకుండా ఎక్కించే ఓపిక లేకపోతే, ప్రతి అయిదు నిమిషాలకీ ఏ సంగతి వచ్చిందో ఒక్కో లైను రాసి పెట్టుకోండి. ఫోనులో మాటని అక్షరాలుగా మార్చే సౌకర్యం పేపరు తెలుగుకి బాగానే పనిచేస్తుంది. మధ్యలో ఒడియా కలిసిన మన యాస వినిపిస్తే మాత్రం దానికి తోచింది రాసేస్తుంది. ముఖ్యమైన భాగాలు మీరే విని టైపు చేసుకోక తప్పదు.

3. తేదీలు తేల్చడం

పెద్దవాళ్ళు సంవత్సరాలు చెప్పరు, సంఘటనలు చెబుతారు. అందుకని తెలిసిన తేదీల పట్టిక ఒకటి పక్కన పెట్టుకుని కూర్చోవాలి. మన ప్రాంతానికి పనికొచ్చేవి ఇవి:

- 1900: నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారి చిన్న రైలు. 1931కి గుణుపురం దాకా వచ్చింది. 2004లో బ్రాడ్‌గేజ్ పనుల కోసం ఆపేశారు.
- 1936 ఏప్రిల్ 1: ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం.
- 1942 ఏప్రిల్ 6: విశాఖపట్నం, కాకినాడ మీద జపాన్ బాంబులు.
- 1951: ఒరిస్సాలో ఎస్టేట్ల రద్దు చట్టం. ఆ తర్వాతి ఏళ్ళలో జమీందారీలు పోయాయి.
- 1967–70: శ్రీకాకుళం ఉద్యమం, ఏజెన్సీలో పోలీసు క్యాంపులు.
- 1992 అక్టోబర్ 2: గజపతి, రాయగడ జిల్లాలు ఏర్పడ్డాయి.
- 2013 అక్టోబర్ 12 ఫైలిన్, 2018 అక్టోబర్ 11 తిత్లీ తుపాన్లు.

దీన్ని ఎలా వాడాలో చిన్న ఉదాహరణ చెబుతాను. "మా అమ్మ గుణుపురం కాపురానికి రైల్లో వచ్చింది" అని మామ్మ చెప్పిందనుకోండి. అప్పుడు ఆ కాపురం 1931కి ముందుది కాదు. "పర్లాకిమిడిలో రైలు దిగి బండి కట్టించుకుని వచ్చారు" అంటే అంతకు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటివి రెండు మూడు కలిస్తే పెళ్ళి సంవత్సరం దగ్గరదగ్గరగా తేలిపోతుంది. బరంపురం వాళ్ళకి ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర ఉంది. రెండేళ్ళకోసారి వస్తుంది కాబట్టి, "యాత్ర జరిగిన ఏడు పుట్టాడు" అంటే సగం సంవత్సరాలు కొట్టేయొచ్చు.

తెలుగు సంవత్సరం పేరు ఉంటే ఇంకా తేలిక. ధాత అంటే 1936–37, చిత్రభాను అంటే 1942–43. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుందని మరవకండి. జాతకంలో తిథితోపాటు వారం కూడా రాసి ఉంటే ఏ ఆవృత్తో పంచాంగం సాఫ్ట్‌వేర్‌లో సరిచూసుకోవచ్చు.

పాత దస్తావేజుల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. మద్రాసు లెక్కలో ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ ఫసలీ జులైలో మొదలై మరుసటి ఏడు జూన్‌తో ముగుస్తుంది. ఫసలీ 1346 అంటే 1936 జులై నుంచి 1937 జూన్ దాకా.

అసలు చిక్కు ఒడియా జ్యోతిష్కుడు రాసిన తాటాకు జాతకాలతో వస్తుంది. తెలుగు ఇళ్ళలోనూ ఇవి బాగా కనిపిస్తాయి. వాటిలో గజపతి రాజు పాలన సంవత్సరాన్ని అంకంగా రాస్తారు. అంకం లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసే అంకెలు ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. పైగా ఆ సంవత్సరం భాద్రపద శుద్ధ ద్వాదశినాడు, అంటే సునియా అనే పండగకి మారుతుంది. కాబట్టి 17వ అంకం అంటే పట్టాభిషేకమై పదిహేడేళ్ళు అని రాసేయకండి, అది పద్నాలుగో ఏడు. ఇంకొకటి కూడా ఉంది. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా వాళ్ళ పండగల లెక్కలో పున్నమితో ముగుస్తుంది. అందువల్ల బహుళ పక్షంలో నెల పేరు మారిపోతుంది. మన శ్రావణ బహుళ అష్టమి వాళ్ళకి భాద్రవ కృష్ణ అష్టమి. ఇది తెలియక ఒకే మనిషికి నెల తేడాతో రెండు పుట్టినరోజులు రాసుకుని, ఏది అబద్ధమా అని తలపట్టుకున్న ఇళ్ళున్నాయి. రెండూ నిజమే.

4. కాగితాలు ఎక్కడ వెతకాలి

ముందు ఒక పని చేయండి. మీ ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉందో కాగితం మీద రాసుకోండి. పర్లాకిమిడి, బరంపురం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లా. ఆ తర్వాత ఒరిస్సా గంజాం. పర్లాకిమిడి 1992 నుంచి గజపతి. గుణుపురం, రాయగడ, జయపురం మాత్రం 1936 దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత కోరాపుట్. అందులో గుణుపురం, రాయగడ 1992లో రాయగడ జిల్లాకి వెళ్ళాయి. పర్లాకిమిడి ఎస్టేటులోనే ఉన్న పాతపట్నం, టెక్కలి వైపు ఊళ్ళు 1936లో మద్రాసులోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. ఒకే తాత పేరు మీద ఏటికి ఈవల ఉన్న పొలం, ఆవల ఉన్న పొలం రెండు రాష్ట్రాల రికార్డుల్లోకి వెళ్ళిపోవడానికి కారణం ఇదే.

1936కు ముందటి ప్రభుత్వ రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు అక్కడే ఉన్నాయి. మీ పూర్వీకులకి ఇనాం భూమి ఉంటే, 1860ల ప్రాంతంలో ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లు అడగండి. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పటికి ఎవరి అనుభవంలో ఉంది, వాళ్ళకి మొదటి ఇనాందారుతో ఏం చుట్టరికం అన్నది అందులో ఉంటుంది. మూడు నాలుగు తరాలు ఒక్క పేజీలో దొరికే చోటు ఇంకెక్కడా లేదు. 1936 తర్వాతవాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్.

భూమి తగాదా హైకోర్టు దాకా వెళ్ళిందని ఇంట్లో చెబుతుంటే, ఆ సంవత్సరం చూడండి. 1936కు ముందైతే మద్రాసు, 1936 నుంచి 1948 దాకా పట్నా, 1948 జులై 26 తర్వాత కటక్. "మా తాత కోర్టు పనికి పట్నా వెళ్ళేవాడు" అంటే పిల్లలు నమ్మరు, కానీ ఆ పన్నెండేళ్ళూ జరిగింది అదే.

ఇప్పటి భూమి రికార్డు ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైట్‌లో జిల్లా, తాసిల్, గ్రామం వారీగా దొరుకుతుంది. అంతా ఒడియా లిపిలో ఉంటుంది. అందులో సాబిక్ అంటే పాత సెటిల్‌మెంట్ నంబరు, హాల్ అంటే ఇప్పటి నంబరు. సాబిక్ నంబరు పట్టుకుంటేనే వెనక్కి వెళ్ళగలరు. విస్తీర్ణం డెసిమల్‌లో రాస్తారు, మన సెంటూ అదీ ఒకటే, ఎకరంలో నూరో వంతు.

ప్రభుత్వ కాగితాలకి బయట కూడా వెతకండి. స్కూలు అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ అబద్ధం కావచ్చు గాని, తండ్రి వృత్తి, ఊరు సాధారణంగా నిజం. పూరీ వెళ్ళినప్పుడు మీ కుటుంబం ఏ పండా దగ్గర దిగేదో అడిగితే, ఆయన ఖాతా పుస్తకంలో తాతల సంతకాలు దొరకొచ్చు. కాశీ, గయ పురోహితుల దగ్గరా ఇంతే. క్రైస్తవ కుటుంబాలకి బాప్తిస్మ రిజిస్టర్లు పెద్ద ఆధారం. పర్లాకిమిడి వైపు కెనడియన్ బాప్టిస్టులు, జయపురం, కోరాపుట్ వైపు జర్మన్ లూథరన్లు పనిచేశారు.

5. పేర్లు, వంశవృక్షం

సింహాచలం అనే పేరు బరంపురం వైపు ఒడియాలో సిమాంచల్. తెలుగు దస్తావేజులో సింహాచలం, రేషన్ కార్డులో సిమాంచల్ ఒకే మనిషి కావచ్చు. ఒడియా రాతలో వ తరచూ బ అవుతుంది. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా ఉండదు. ఇంటిపేరు రికార్డులో సగంసార్లు ఎగిరిపోయి, దాని చోట పాత్రో అనో, రావు అనో, దొర అనో పేరు చివర వచ్చి కూర్చుంటుంది. మనిషికొక పేజీ పెట్టి, దొరికిన ప్రతి రూపాన్నీ ఎక్కడ దొరికిందో దాంతోపాటు రాసుకోండి. ఒకదాన్ని "సరిదిద్ది" మిగతావి కొట్టేయకండి, రేపు ఇంకెవరో వెతికినప్పుడు ఆ కొట్టేసిన రూపంతోనే దొరుకుతుంది.

వంశవృక్షం గీసేవాళ్ళకి మేనరికాలు చుక్కలు చూపిస్తాయి. మేనమామే మొగుడైన చోట కొమ్మలు వెనక్కి తిరిగి కలుస్తాయి, చార్టు వల అయిపోతుంది. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, చుట్టరికాలు ఆ నంబర్లతో రాస్తే గందరగోళం ఉండదు. ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. "ఫలానావారి భార్య" అని వదిలేసిన చార్టులు చూస్తే నాకు చిరాకు. సగం కుటుంబం ఎక్కడినుంచి వచ్చిందో తెలియని కుటుంబ చరిత్ర ఏం చరిత్ర?

6. పెట్టెలో ఉన్నవాటిని కాపాడటం

పాత పట్టాలకి లామినేషన్ చేయించొద్దు. వేడికి కాగితం పాడవుతుంది, మళ్ళీ ఊడదీయడం కుదరదు. సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్ళకి పసుపు మచ్చ మిగులుతుంది. ఫోటో వెనకాల రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయండి. కాగితాలు 300 డీపీఐ, ఫోటోలు 600 డీపీఐ స్కాన్ చేస్తే చాలు. ఆల్బమ్‌కి అతుక్కుపోయిన ఫోటోని పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయండి.

తాటాకులు వేరే సంగతి. విరిగే స్థితిలో ఉంటే కట్ట విప్పకండి. అక్షరం కనిపించడానికి మసి రుద్దడం, నిమ్మగడ్డి నూనె రాయడం తెలిసినవాళ్ళు చేసే పని. భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ మ్యూజియంలో తాటాకు గ్రంథాలు వేలల్లో ఉన్నాయి, వాటిని చూసుకునే నిపుణులూ ఉన్నారు, వాళ్ళనడగండి. ఎవరో ఉచితంగా చదివి పెడతామని కట్టలు పట్టుకుపోతామంటే ఇవ్వొద్దు, ముందు ఫోటోలు తీసుకోండి.

మన జిల్లాల్లో అసలు శత్రువు నీళ్ళు. ఫైలిన్, తిత్లీ తుపాన్లలో ఎన్ని ఇళ్ళ పెట్టెలు తడిశాయో మనకి తెలుసు. ట్రంకు పెట్టె నేల మీద కాకుండా ఎత్తు మీద పెట్టండి, లోపల కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఉంచి చెమ్మ లాగే సిలికా సంచులు వేయండి. తడిసిపోతే ఎండలో పెట్టకండి. బురద అంటిన ఫోటోల్ని మంచినీళ్ళలో నెమ్మదిగా జాడించి నీడలో ఆరబెట్టండి. కాగితాలు మరీ ఎక్కువై రెండు రోజుల్లో ఆరబెట్టలేమనుకుంటే, కవర్లలో పెట్టి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించండి. బూజు పట్టకుండా ఆగుతుంది, కరెంటు ఉంటే.

7. రాయడం

ఇక్కడ భాష గురించి తేల్చుకోవాలి. మామ్మ ఇలా చెప్పిందనుకోండి: "మా అయ్య రంగమెల్లి ఒచ్చినప్పుడు నాను సిన్నగుంటని. ఎవరో బైరాగనుకున్నాను." దీన్ని "మా తండ్రిగారు రంగూన్ నుండి తిరిగివచ్చినప్పుడు నేను చిన్న బాలికను" అని మార్చితే మామ్మ పోయింది, పేపరు విలేకరి మిగిలాడు. ఆమె మాటలు వచ్చినచోట ఆమె యాసే ఉంచండి. మీరు వివరించే చోట మామూలు రాతభాష వాడండి. ఒడియా మాటలు వస్తే తీసేయకండి. పొఖాళో అంటే ఆ ఇంట్లో పొఖాళోనే, దాన్ని చద్దన్నం చేయనక్కర్లేదు. బయటివాళ్ళకి అర్థం కావాలంటే పుస్తకం చివర మాటల పట్టిక ఇవ్వొచ్చు.

ఈ ధైర్యానికి మనకి ఇంటి పెద్దే ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పాఠం చెప్పుకుంటూనే వ్యావహారిక భాష కోసం పోరాడారు. సవర తెలిసినవాళ్ళని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, వాళ్ళ పాటలు, కథలు వాళ్ళన్నట్టే రాసుకున్నారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మన వీధిలోనే జరిగిన ఈ కథ మీ పుస్తకానికి నేపథ్యంగా పనికొస్తుంది. 1936 ఏప్రిల్ 1న మీ తాత ఏం చేశాడన్నదే మీరు వెతకాల్సింది. వెళ్ళిపోదామనుకున్నాడా, పట్టించుకోలేదా, పొలంలో ఉన్నాడా? మామూలు మనిషి కుటుంబ చరిత్రలో "ఏమీ జరగలేదు, ఆ ఏడు వర్షాలు ఆలస్యం" అన్నది కూడా మంచి జవాబే.

పుట్టుకతో మొదలుపెట్టకండి. ఇళ్ళ ప్రకారం అధ్యాయాలు వేయడం నాకు తెలిసినంతలో తేలికైన పద్ధతి. పుట్టిల్లు, అత్తవారిల్లు, ఉద్యోగం ఊళ్ళో అద్దె ఇల్లు, ఇప్పటి ఇల్లు. ఒక్కో ఇంటికీ ఒక ప్లాను గీసి, ఎవరెక్కడ పడుకునేవారో గుర్తుపెట్టి రాస్తే సంగతులు తన్నుకుని వస్తాయి. ఇద్దరు చెప్పిన కథలు పొసగకపోతే రెండూ ఇవ్వండి, ఏది ఎవరన్నారో చెప్పండి. మీరు ఊహించింది ఉంటే "అయ్యుండొచ్చు" అని రాయండి. ఊరి చరిత్రని కథలోకి తెచ్చేటప్పుడు ఒక హద్దు పెట్టుకోవాలి. రాజావారి గురించి మూడు పేజీలు, మామ్మ గురించి అర పేజీ ఉంటే అది కుటుంబ చరిత్ర కాదు. కృష్ణచంద్ర గజపతి 1937లో ఒరిస్సా మొదటి ప్రధాని అయ్యాడన్నది ఎక్కడైనా దొరుకుతుంది. ఆ ఏడు మీ ఇంట్లో పెళ్ళికి కోట నుంచి ఏం వచ్చిందన్నది మీరు రాస్తేనే ఉంటుంది.

8. రాయకూడనివి, అడిగి రాయాల్సినవి

బతికున్న ప్రతి మనిషికీ తన గురించి రాసిన పేజీలు అచ్చుకి ముందు చూపించండి. రెండో పెళ్ళిళ్ళు, దత్తతలు, కులం దాటిన ప్రేమలు, ఆత్మహత్యలు ఉంటాయి. నిజమే అయినా ఇప్పుడున్న పిల్లలకి దెబ్బ తగిలేదైతే, విడిగా రాసి కవరులో పెట్టి, ఎన్నేళ్ళ తర్వాత తెరవాలో పైన రాయండి. శ్రీకాకుళం ఉద్యమం రోజుల్లో ఎవరికి అన్నం పెట్టారు, పోలీసులకి ఎవరు చెప్పారు అన్న సంగతులు కూడా ఇలాంటివే. భూమి వాటాల చర్చని పుస్తకంలో పెట్టొద్దని నా గట్టి సలహా. ఆ ఒక్క అధ్యాయం వల్ల మిగతా పుస్తకం ఎవరూ చదవరు, అందరూ లాయరు దగ్గరికి పట్టుకెళతారు.

ఉత్తరాలు మీ దగ్గరున్నా, అందులో రాతమీద హక్కు రాసినవాళ్ళది, వాళ్ళు పోతే వారసులది. రాసినవాళ్ళు పోయేదాకా అచ్చుకాని ఉత్తరాలకి, మన చట్టంలో ఆ హక్కు మొదటిసారి అచ్చయ్యాక అరవై ఏళ్ళు ఉంటుంది. అచ్చు వేసే ముందు ఒక ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది.

9. అచ్చు, పంపకం

డీటీపీ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి: యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వాలని. యూనికోడ్ కాని అను ఫాంట్లలో మాత్రమే చేసి ఇస్తే, తర్వాత వెతకడానికీ, నెట్‌లో పెట్టడానికీ పనికిరాదు. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, కుటుంబ పుస్తకానికి తప్పనిసరి కాదు గాని తీసుకుంటే లైబ్రరీల్లో దొరుకుతుంది. ముందు యాభై, వంద కాపీలు చాలు. చుట్టాలకి పోగా పర్లాకిమిడి, బరంపురం కాలేజీ లైబ్రరీలకీ, శ్రీకాకుళం గ్రంథాలయానికీ ఒక్కోటి ఇవ్వండి. చెన్నై కన్నెమరా, కలకత్తా నేషనల్ లైబ్రరీ లాంటివాటికి పంపడం 1954 చట్టం ప్రకారం ప్రచురించినవాళ్ళ బాధ్యతే. పీడీఎఫ్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడితే ఎక్కడున్నవాళ్ళైనా చదువుకుంటారు.

ఒక సమస్యకి మాత్రం ఇప్పుడే సిద్ధపడాలి. మన పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అందుకని ఫోటోల కింది రాతలు తెలుగుతోపాటు ఒడియా లిపిలో కూడా వేయండి. ఒక్కో అధ్యాయం మొదట ఆ భాగం రికార్డింగుకి క్యూఆర్ కోడ్ పెట్టండి, చదవలేనివాళ్ళు వింటారు. వీలుంటే చివర పది పేజీల ఒడియా సంగ్రహం ఉంటే పక్కింటి ఒడియా కుటుంబం కూడా చదువుతుంది. వాళ్ళ దగ్గర మీ తాత ఫోటో ఉండే అవకాశం తక్కువేం కాదు.

పుస్తకం చివర కొన్ని ఖాళీ పేజీలు వదిలి, మీ ఫోన్ నంబరు వేయండి. పంచిన వారంలోపే "ఆ పెళ్ళి మెళియాపుట్టిలో కాదు, కాశీనగరంలో" అని ఏ పెద్దమ్మో ఫోన్ చేస్తుంది. వాదించకుండా ఆవిడ ఉన్న ఊరు, ఏ రోజు ఖాళీగా ఉంటుందో కనుక్కుని, ఫోను ఛార్జింగ్ పెట్టుకుని వెళ్ళండి. రెండో ముద్రణకి సగం సరుకు అక్కడే దొరుకుతుంది.